మూడు నలభైకి ఇల్లు బయల్దేరుతుంది

నిన్న రాత్రే టైపు చేసి పెట్టాను.
మొదలు మూడు నలభై, ముగింపు ఆరు.
పేరు: రోసమెల్ బర్రియా ఇల్లు దీవి మారుట.
ఎన్‌కోడర్‌కి గ్రీన్‌విచ్ కాలం తప్ప మరోటి తెలీదు.
చిలోయే గడియారానికి మూడు గంటలు కలిపి,
వేళ్ళమీద రెండోసారి లెక్కపెట్టి
సేవ్ నొక్కాను.
పోటు వేళ మాత్రం
రేవు గోడమీది పట్టికలో చూసుకున్నాను.
దానికి సేవ్ లేదు.

పెట్టె ఇటుకంత ఉంటుంది.
నల్ల రేకు, వెనక నాలుగు రంధ్రాలు,
లోపల పిల్లిగురక లాంటి ఫ్యాను.
బరువని పొయ్యిని నిన్ననే దింపేశారు,
వంటింటి నేలమీద దాని కాళ్ళ గుర్తులు నాలుగు మిగిలాయి.
వాటి మధ్య యాపిల్ బుట్ట బోర్లించి
పెట్టెని కూర్చోబెట్టాను.
కారు బ్యాటరీ ఒకటి, మోడెములు రెండు,
కెమెరాని కిటికీకి బిగించింది తాడుతో, టేపుతో,
ఎర్మిందా విప్పి ఇచ్చిన ఉన్ని మేజోడుతో.

"గట్టునుంచి తీస్తే పోయేదిగా యాస్నా," అన్నాడు ఎడ్ల ఎలెయోదోరో.
గట్టునుంచి అందరూ తీస్తారు.
ఇంటికేం కనిపిస్తుందో ఎవరూ తియ్యలేదు.

మూడున్నరకి పచ్చ దీపం.
ఇల్లలకగానే పండగవుతుందా.
మూడు నలభైకి ఎర్ర దీపం, దానంతటదే.
మనుషులెవరూ సిద్ధంగా లేరు.
రెండు జతల ఎడ్లు గడ్డి నములుతున్నాయి, మూడో జత రాలేదు.
ఒక కుక్క. బురద. బురదలో తిరగబడ్డ రబ్బరు బూటు,
దానిమీద వాన.
నలభై ఒక్క మంది చూస్తున్నారు.
ఒకరు రాశారు: బొమ్మ ఆగిపోయిందా?
లేదు, మేమే ఆగాం, అని రాశాను.

నాలుగూ పదికి కొమ్ములకి కాడి బిగించారు.
ఇల్లు మూలిగింది.
ఆ మూలుగు అదిలింపుల్నీ ఈలల్నీ మింగేసింది,
మీటరు ముల్లు ఎర్రగీత దాటి అక్కడే వణికింది.
దుంగలమీద బారెడు జరిగింది. ఆగింది. మరో బారెడు.
తాడు తెగింది.

రోసమెల్ నా పక్కనే నిలబడి
ఫోన్లో తన ఇంటి కిటికీలోంచి చూస్తున్నాడు.
మా బొమ్మకి ఇరవై రెండు సెకన్ల ఆలస్యం.
ఆయన చేతిలో ఎడ్లు ఇంకా వంగే ఉన్నాయి,
తాడు ఇంకా బిగువుగానే ఉంది.
ఎదురుగా తెగి పడున్న తాడుకేసి తలెత్తలేదాయన.
ఫోనునే చూశాడు,
అక్కడ తెగదేమో అన్నట్టు.

ఐదూ ఇరవైకి నీళ్ళు గడప తాకాయి,
పీపాలు ఇంటిని పైకెత్తాయి.
మేం పడవెక్కాం.
ఒడ్డు దూరమయ్యే కొద్దీ బిట్‌రేటు తగ్గించుకుంటూ వచ్చాను:
ఆరు, మూడు, ఒకటిన్నర.
నీళ్ళన్నీ గళ్ళు గళ్ళయిపోయాయి.
నడి పాయలో ఇల్లు మెల్లగా ఒక చుట్టు తిరిగి
మొహం వెనక్కి పెట్టింది.

బొమ్మలో కిటికీ చట్రం కదల్లేదు.
మేజోడు అంచు, అద్దంమీద వాన చుక్క,
ఎక్కడివక్కడే.
కదిలింది దీవి.
చర్చి శిఖరం, బంగాళాదుంప మళ్ళు,
ఇల్లు లేచిపోయిన చోట నాలుగు వరసల రాళ్ళు,
టోపీలూపుతున్న జనం,
ఒక్కటొక్కటే చట్రం అంచుకి జరిగి
వెళ్ళిపోయాయి.
మూడు వందల పన్నెండు మంది.
ఎవరూ ఏమీ రాయలేదు.

ఐదూ యాభై ఎనిమిది.
మరో అరగంట పొడిగించమని నొక్కాను.
చిన్న చక్రం తిరిగింది, తిరిగింది.
ఉన్న కాస్త సిగ్నలూ బొమ్మే తాగేస్తోంది,
నా మాట పెట్టెదాకా పోలేదు.
ఆరింటికి
వంటింటి కిటికీలో ఎర్ర దీపం ఆరిపోయింది.
ఇచ్చిన మాటమీద నిలబడింది పెట్టె, తప్పు పట్టడానికి లేదు.

"ఇప్పుడు వాళ్ళకి ఇల్లెక్కడుంది?" అడిగాడు రోసమెల్.
"నడి నీళ్ళలో."
"ఉండనీ. నాకూ అక్కడే ఉంది."

అవతలి ఒడ్డుకి చేరేసరికి చీకటి.
టార్చి పట్టుకుని వంటింట్లోకి దూరితే
ఫ్యాను ఇంకా తిరుగుతోంది.
బ్యాటరీ తీగ పీకాను.
మేజోడు తడిసి బరువెక్కింది, పిండి ఎర్మిందాకిచ్చాను.
పొయ్యి రేపొస్తుందట.