నవెల్కీన్ లోపలే ఉన్నాడు

మూడు కంపెనీలు మూడు ఫైళ్లు పంపాయి.
ఒకటి నీలం అట్ట, ఒకటి బూడిద రంగు,
మూడోదానికి అట్టే లేదు, ధర మాత్రం ఉంది.
ప్వెర్తో మోంత్‌లో వానకి ఇవాళ పదకొండో రోజు.
హీటర్ మీద సాక్సులు ఆరేసుకుని చదువుతున్నాను:
ఎవర్నీ నమ్మొద్దు. ప్రతిసారీ అడగాలి.
లోపలున్నవాణ్ణి కూడా బయటివాడిలాగే చూడాలి.
మా అత్తగారికి ఇది ఎవరూ నేర్పలేదు.

మా సాల్మన్ పంజరాలు పద్దెనిమిది.
దీవుల మధ్య, పొగమంచులో,
పక్కనే తేలే ఇనప గదులు.
గదికో కంప్యూటరు, ఓ కెటిలు, ఇద్దరు మనుషులు.
నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో, మేత ఎంత పడిందో
ఆకాశం మీదుగా నాకు చెప్పాలి.
ఆ దారికి నేను తలుపు పెట్టాలి.
తలుపంటే తాళం. తాళంచెవి ఎవరి చేతికి?

పోయిన మార్చిలో పక్క కంపెనీకి ఎవరో తాళం వేశారు,
లోపల్నించి.
మేత మిషన్లు నాలుగు రోజులు నోరు తెరవలేదు.
వాళ్లు కొన్న తాళం ఖరీదైనదే.
గొళ్లెం మరిచారు.

నీలం అట్టవాడు సాంతియాగో నుంచి పల్చటి బూట్లతో దిగాడు.
వేలు పెడితే చాలు, అన్నాడు,
వేలిముద్రని మించిన తాళంచెవి పుట్టలేదు.
ఊర్సులా బార్రియాని పిలిచాను.
పందొమ్మిదేళ్లు చేపల పొట్టలు కోసింది,
ఇప్పుడు పద్నాలుగో పంజరం మీద రాత్రి డ్యూటీ.
వేలు పెట్టింది. ఎర్ర లైటు.
స్వెట్టర్‌కి తుడుచుకుని పెట్టింది. ఎర్ర లైటు.
పది వేళ్లూ అయిపోయాక
అరచేతులు తిప్పి చూసుకుంది.
ఉప్పూ ఐసూ పొలుసులూ కలిసి
గీతలన్నీ ఎప్పుడో తినేశాయి.
"అయితే నేనెవర్నీ కాదన్నమాట," అని నవ్వింది.
పల్చటి బూట్లవాడు నవ్వలేదు. రాసుకున్నాడు.

బూడిద అట్ట మొదటి పేజీలోనే అడిగింది:
మీ మనుషులెవరో ముందు లెక్క చెప్పండి.
పాత జాబితా తెరిచాను. నూట నలభై ఒక్క పేర్లు.
జీతాలు తీసుకునేది నూట పన్నెండు మంది.
వేలు పెట్టి ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వస్తే
ఆరిస్తీదెస్ నవెల్కీన్, గజ ఈతగాడు.
రెండేళ్ల కిందట ఆగస్టులో
వల అడుగున చిక్కుకుని పైకి రాలేదు.
చర్చిలో వాళ్లావిడ పక్కనే కూర్చున్నాను నేను.
చివరి లాగిన్: నిన్న రాత్రి మూడుంబావు.
మొన్నా అంతే. అటు మొన్నా.
సాక్సు మాడిన వాసన వచ్చేదాకా
కుర్చీలోంచి కదల్లేదు.

రేడియోలో పద్నాలుగుని పిలిచాను.
కాసేపు గరగర. తర్వాత ఊర్సులా:
"రాత్రి మనుషులకి పేరివ్వమని రెండుసార్లు కాగితం పెట్టాను.
నువ్వు చూస్తానన్నావు.
మూడింటికి ఆక్సిజన్ పడిపోతుంది,
ఎవరో ఒకరు లోపలికెళ్లి మోటారు వెయ్యాలి.
అతని పాస్‌వర్డ్ గోడ మీద సుద్దతో ఉంది,
కూతురి పేరూ, పుట్టిన ఏడూ.
అతనైతే ఎప్పుడూ కాదనలేదు."

నా సొరుగులో రెండు కాగితాలూ ఉన్నాయి.
రెండోదాని మీద కాఫీ కప్పు పెట్టిన మరక.

అట్ట లేనిదాన్నే తీసుకున్నాను.
మెడలో తాడుకి వేలాడే చిన్న తాళంచెవి,
గ్లౌజులతో తాకినా ఒప్పుకుంటుంది,
ఒక మనిషికి ఒక్క తలుపే తెరుస్తుంది,
సముద్రంలో పడిపోతే ఇక్కణ్ణించి చంపెయ్యొచ్చు.
పేర్ల లెక్క మాత్రం మూడు ఫైళ్లలో ఎవరూ అమ్మలేదు.
తొమ్మిది రాత్రులు కూర్చుని నేనే చేశాను.

నవెల్కీన్‌ని ఆఖరికి ఉంచాను.
తీసెయ్యమంటే డబ్బా అడిగింది: ఖచ్చితంగానా?
మూడుంబావు దాటనిచ్చాను.
తెర మీద ఊర్సులా బార్రియా అని వచ్చింది,
పద్నాలుగు, మోటారు ఆన్.
అప్పుడు నొక్కాను.

గోడ మీద సుద్ద తుడిచెయ్యమని ఉత్తర్వు పంపాను.
తుడవలేదని తెలుసు.
అది ఇప్పుడు ఏ తలుపూ తెరవదు.
ఉండనీ.