శేషం

అప్పు, నిప్పు, పగ:
ఈ మూడింటికీ శేషం ఉంచకూడదంటారు.
ఫిషింగ్ హార్బరు ఐసు మిల్లు నైట్ వాచ్‌మన్
సూరాడ ఎల్లాజీ
రెండేళ్లుగా కాపలా కాసింది శేషానికే.

రెండు వందల పద్నాలుగు కోట్ల
డెబ్బై నాలుగు లక్షల
ఎనభై మూడు వేల
ఆరు వందల నలభై ఏడు.
ముప్పై ఒక్క రెండ్లను హెచ్చవేసి
ఒకటి తీసేస్తే వచ్చేది.
ఏ ఎక్కంలోకీ ఎక్కదని
వైర్‌లెస్ సెట్లు బాగుచేసే కుర్రాడెవడో చెప్పాడట.
"ఆడన్నాడని నమ్మీడమేనా?
పంచి సూడొద్దేటి?"

పంచడం తెలిసిన మనిషే.
బోటు వాటా, వల వాటా, సరంగు వాటా,
కళాసీల వాటాలు పోగా
ఎటూ తెగని ఆఖరి చేప వంటకుర్రాడిది.
ఒకప్పుడు ఆ కుర్రాడు తనే.

ఐసు ఖాతా పుస్తకం వెనక పేజీల్లో మొదలెట్టాడు.
మూడుకి పంచితే ఒకటి మిగిలింది.
ఐదుకి రెండు. ఏడుకి ఒకటి.
పదమూడుకి పది.
రాత్రికొక్క భాగహారం, బీడీ ఆరేలోపు.
నలభై ఆరు వేలు దాటేదాకా నడవాలి,
దారిలో ప్రధాన సంఖ్యలు
నాలుగు వేల ఏడు వందల తొంభై రెండు.
పదమూడేళ్ల పని.

నాది అప్పుడు ఎమ్మెస్సీ మొదటేడు.
అమ్మ వేలంలో పీతలు పాడుకుంటుంటే
ఐసు కోసం వెళ్లి ఆ పేజీలు చూశాను.
చదువుకున్నవాళ్ల తొందరతో చెప్పేశాను:
దీన్ని తెగ్గొట్టే అంకంటూ ఉంటే
దాన్ని రెండు వందల నలభై ఎనిమిదితో భాగిస్తే
ఒకటి మిగలాలి, లేదా అరవై మూడు.
చూడాల్సినవి మూడు వందల డెబ్బై రెండే.
మిగతావి ముట్టుకోనక్కర్లేదు.

చాలాసేపు మాట్లాడలేదు.
"అంటే నాను పంచినవన్నీ..."
అని, పుస్తకం మూసి,
చల్లబడ్డ చేతులు చంకల్లో దూర్చుకున్నాడు.

ఏప్రిల్లో వేట నిషేధం వచ్చింది.
అరవై ఒక్క రోజులు.
జెట్టీకి బోట్లు ఒరుసుకుని నిలబడ్డాయి,
ఐసు మర మూగబోయింది.
రోజుకి ఆరు చొప్పున మళ్లీ మొదలెట్టాడు.

సున్నా, ఒకటి తప్ప తెలియని యంత్రం
దీన్ని ముప్పై ఒక్క ఒకట్లుగా రాస్తుందని చెప్పాను.
వరసగా వెలిగే బోటు దీపాలన్నమాట,
మధ్యలో ఒక్కటీ ఆరదు.
"ఇంకోటి కలిపితే?"
అన్నీ ఆరిపోతాయి,
ఆ చివర కొత్తది ఒక్కటే వెలుగుతుంది.
డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ కేసి చూసి
తలూపాడు.

ఆఖరి రాత్రికి పన్నెండు మిగిలాయి.
పదకొండయ్యాయి.
నలభై ఆరు వేల నూట తొంభై ఒకటి
మూడుతోనే పోతుంది, వదిలేయొచ్చన్నాను.
వినలేదు.
పెన్సిలు ములుకు నాలిక మీద తడుపుకున్నాడు.
జెట్టీలో ఇంజన్లు ఒక్కొక్కటే దగ్గుతున్నాయి.
పదిహేడు వేల ఎనిమిది వందల అరవై ఆరు
మిగిలింది.
దాని కింద రెండు గీతలు.

హారన్లు మోగాయి. మర తిరిగింది.
పొడైన ఐసు గొట్టంలోంచి బోట్లలోకి దూకింది.
ఎల్లాజీ పుస్తకం తిరగేసి
మొదటి పేజీ వైపునుంచి రాశాడు:
కారి పైడమ్మ బోటు,
నలభై దిమ్మలు,
బాకీ.