ఏడో నంబరు దగ్గర

కాగితం ఉచితం, పెన్సిలుకి డాలరు.
మిస్సోరీలో, మిస్సిసిపీ పక్కన,
సెయింట్ జెనెవీవ్ అనే పాత పరాసు ఊరు.
అక్టోబరు ఆదివారం. పదిన్నర.
గొడుగెత్తి ముందు నడిచే గైడు లేడు.
"బాణం గుర్తులున్నాయి, మీరే చూసుకుంటూ వెళ్ళండి"
అంది కౌంటరు దగ్గరి పిల్ల, ఫోన్లోంచి తలెత్తకుండానే.

వారానికి ఆరు రోజులు నా ఉద్యోగమూ ఇదే.
పరాయి ఇళ్ళ చుట్టూ తిరగడం,
వేలి కణుపుతో గోడ తట్టి చెవి ఒగ్గడం,
డొల్లగా పలికిన చోట
చెద ఉందని రాసి సంతకం పెట్టడం.
సెలవునాడైనా చెయ్యి ఊరుకోదు కదా.

ఒకటో నంబరు. నిలువు దుంగల ఇల్లు.
పునాది లేదు. రాతి వరసా లేదు.
దుంగల్ని తిన్నగా నేలలో పాతేసి
సందుల్లో గడ్డీ బంకమన్నూ కూరి
పైన కప్పు వేసుకున్నారు, అంతే.
నా లెక్కలో ఇది చెదలకి పెళ్ళిభోజనం.
రెండు వందల ఏళ్ళు దాటిందట.
మోకాళ్ళమీద కూచుని, ఎవరూ చూడ్డంలేదని
అడుగున గోరుతో గుచ్చాను.
చెక్క నా గోరుని వెనక్కి నెట్టింది.

మూడో నంబరు దగ్గర గులాబీలు.
యజమాని ఎంత ఉదారుడో నాలుగు వాక్యాలు.
వెనక వంటపాక గురించి ఒక్కటే:
"పనివారు ఇక్కడ నివసించేవారు."
పనివారు.
ఆ మాటని తట్టి చూశాను,
డొల్లగా పలికింది.
డాలరు పెన్సిలుతో కొట్టేసి
పక్కన రాశాను: బానిసలు.
పేర్లు రాద్దామంటే కాగితంలో లేవు.

మా తాత యానాంలో పరాసు దొరల కస్టమ్స్ గుమాస్తా.
పొద్దున్నే జెండా దించేశారట,
మధ్యాహ్నం పులస బేరం మాత్రం పాత ధరకే తెగిందట.
చరిత్ర అంటే ఆయన చెప్పింది అంతే,
చెప్పి ముక్కుపొడుం పీల్చేవాడు.
ఈ ఊరూ అంతే. ఫ్రాన్సు, స్పెయిను, మళ్ళీ ఫ్రాన్సు,
ఆనక అమ్మకం.
దస్తావేజు ఎన్ని చేతులు మారినా
ఈ గుమ్మం మాత్రం తూర్పు వైపే చూస్తోంది.

నాలుగు, అయిదు, ఆరు.
ఏడు ఎక్కడా కనపడదు.
బాణం చూపిన చోట మోకాలెత్తు గడ్డి,
ఒక గొట్టం కుళాయి.
పక్కింటి మెట్లమీద పెకాన్ కాయలు కొడుతున్న ముసలావిడ
"దేనికోసం?" అంది.
"ఏడు."
"వరద పట్టుకుపోయింది. కాగితం మార్చడానికి వాళ్ళకి బద్ధకం."

పేరు ఒడీల్. ఇంటి భాష పరాసే, ఒకప్పుడు.
ఇప్పుడు ఆమెకి మిగిలింది ఆరు వరకు అంకెలు:
ఎన్, దూ, త్రువా, కాత్ర్, సేంక్, సీస్.
తాత గుడ్లని అరడజన్లుగా లెక్కపెట్టేవాడట,
ఆరు కాగానే బుట్ట మారిపోయేదట.
"సెత్" అన్నాను నేను.
ఎలా వచ్చిందో నాకే తెలీదు,
పొగాకు బేళ్ళూ, తాత వేళ్ళూ, ముక్కుపొడుం వాసనా.
ఆవిడ సుత్తి పక్కన పెట్టింది.
సెత్, అంది, కొత్త పన్ను కట్టించుకున్నదానిలా
నాలుకతో తడుముకుంటూ.
ఇద్దరం ఆ ఖాళీ స్థలంకేసి చూశాం.
గడ్డి ఊగింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

వచ్చేస్తూ అలవాటుగా మెట్లు తట్టాను.
రెండో మెట్టు బోలు.
"మార్పించండి, చలికాలం లోపల" అన్నాను.
"ఫీజు?" అంది.
నా చేతిలో కాగితం లాక్కుని పొట్లం చుట్టి
దోసెడు పెకాన్లు పోసి ఇచ్చింది.

ఇంకా ఏడు నంబర్లు మిగిలి ఉన్నాయి.
మ్యాపు విప్పితే కాయలు రాలిపోతాయి.
బురద వాసన ఎటునుంచి వస్తోందో చూసుకుని
నదివైపు నడిచాను,
ఒక్కో కాయా పటుక్కున కొరుకుతూ.