లోపల ఏముంది?

మా మోంతెవిదెయోలో నదిని చూసి సముద్రమనుకుంటారు కొత్తవాళ్లు.
అవతలి ఒడ్డు కనపడదు మరి.
ఆ గాలికి తుప్పుపట్టే స్ప్రింగులే నా బతుకుతెరువు.
నలభై రెండేళ్లుగా కుర్చీల కడుపులు కోసి కుడుతున్నాను.
మంగలి కుర్చీ, పళ్ల డాక్టరు కుర్చీ,
రేవు రోడ్డు బస్సులో డ్రైవరు సీటు,
ఒకసారి మంత్రిగారిది కూడా.
అన్నిటికంటే త్వరగా కుంగింది అదే.

ఇప్పుడు హోబార్ట్ నుంచి పిలుపు.
పాత నాటకశాల, రెండు వందల పన్నెండు కుర్చీలు,
గుర్రపు వెంట్రుక కూరే చేయి అక్కడ దొరకలేదట.
విమానాలు మారుతూ ముప్పై నాలుగు గంటలు.
కుర్చీలు బాగుచేయడానికి
కుర్చీలో కూర్చునే పోవాలి.
కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయంటారు.
తినకపోయినా సరే,
కూర్చుంటే ముందు తరిగేది నడుము.
జనం లేచిపోయిన గుంటల్లో
చేయి పెట్టి చూసినదాన్ని, నాకు తెలుసు.

పనికుర్రాడు మిల్టన్ ఫోనులో బొమ్మలు చూపించాడు.
నవ్వుతూ నిద్రపోతున్న ఆడమనిషి,
కాలు మీద కాలేసుకున్న పెద్దమనిషి,
పక్కన ఖాళీ సీటు.
"ఆ ఖాళీ కూడా టికెట్‌తో పాటు ఇస్తారా?" అన్నాను.
ఒకళ్లది ముప్పై ఒక్క అంగుళం, ఇంకొకళ్లది ముప్పై రెండు.
మేకుకున్న టేపు తీసి
కొట్టు నేల మీద సుద్దతో గీశాను.
రెండు గీతల మధ్య స్టూలేసుకుని
మాతే తాగుతూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను.
సోఫా కోసం వచ్చిన ఎల్విరా, "ఏమిటిది?" అంది.
"సిడ్నీ వెళుతున్నా."
"ఇప్పుడెక్కడున్నావు?"
"ఇంకా శాంతియాగో రాలేదు."

తర్వాత ఫోన్లు. ఒకటే ప్రశ్న:
మీ సీటు లోపల ఏముంది?
"ప్రపంచస్థాయి సౌకర్యం మేడం," అంది ఒకమ్మాయి.
దాన్ని కిలోల్లెక్కన కొంటారా అని అడగలేదు, పోనీలే పాపం.
రెండో ఆవిడ తొమ్మిది వందల సినిమాలుంటాయంది.
ఇంకో చోట ఎవరూ ఏమీ అనలేదు, పియానో వినిపించారు.
అది వింటూ ఒక దిండంచు కుట్టడం పూర్తిచేశాను.

ఆఖరున ఎత్తినవాడు అసున్సియోన్ కుర్రాడు, డెర్లిస్.
ప్రశ్న విని ఊరుకున్నాడు. కాగితాలు తిరగేసిన చప్పుడు.
"తెలియదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి,
"నేనెప్పుడూ విమానమెక్కలేదు."
"మరి ఇప్పుడు కూర్చున్నది ఎలా ఉంది?"
"ఎడమవైపు ఇనుము గుచ్చుకుంటోంది.
చొక్కా మడిచి వేసుకున్నాను."

టికెట్ వాడి దగ్గరే కొన్నాను.
అంగుళం తక్కువ, నలభై డాలర్లు ఎక్కువ.
మిల్టన్ తల పట్టుకున్నాడు.

సీటంటారా, చెప్పుకోకూడదు గానీ, అట్ట.
నీళ్ల మీద తొమ్మిదో గంటకి
నా తుంటి ఎముక తన పేరు తానే చెప్పుకోసాగింది.
ముందాయన వెనక్కి వాలాడు,
బట్టతల నాకు వడ్డించినట్టు.
కిటికీ దగ్గర సిస్టరమ్మ నిద్రలో
నా భుజాన్ని దిండు చేసుకుంది.
ఆమెకి మాత్రం మంచి విమానమే దొరికింది.

దీపాలార్పారు.
చేయి ఊరుకోదు కదా, అలవాటుగా సీటు కిందికి పోయింది.
మిషను కుట్టు, మిషను కుట్టు, మిషను కుట్టు,
ఎక్కడా ఊపిరి తీసుకోకుండా.
మూల తిరిగాక ఒక జానెడు మాత్రం
చేతికుట్టు.
దారం లావు, వరస వంకర.
ఎవరో, ఏ షెడ్డులోనో, ఏ వేళప్పుడో,
తెల్లారి విమానం బయల్దేరాలని తొందరపెడుతుంటే
పళ్లతో దారం కొరికి ఉంటారు.
ముడి పైకి వేశారు, లోపలికి వేయాల్సింది.

మూడుసార్లు తడిమాను.
దిగాక డెర్లిస్‌కి చెప్పాలి,
లోపలున్నది నాసిరకం స్పాంజే నాయనా, అని.
ఇంకేదో కూడా చెప్పాలి, అది ఎలా చెప్పాలో తెలియలేదు.
నా వంకర సూది సంచిలో లేదు,
విమానాశ్రయంలోనే తీసేసుకున్నారు.
ఉంటేనా,
ఆ చీకట్లోనే ముడి విప్పి
మళ్లీ వేసేదాన్ని.