వరస, గడి, అంతస్తు

నాలుగో అంతస్తులో యాభైఎనిమిది చదరపు మీటర్లు.
అందులో హార్ట్‌విగ్, అతని భార్య గేషె,
ఒక ఇస్త్రీ బల్ల.
మిగతాదంతా బొమ్మ ఇటుకలు.

బ్రెమర్‌హావెన్ రేవులో ముప్పై ఒక్క ఏళ్లు క్రేన్ నడిపిన మనిషి.
అంత ఎత్తు నుంచి చూస్తే
కంటైనర్లు కూడా ఇంతే ఉంటాయట,
గోటితో ఊడదీయొచ్చన్నంత.
చోటు వెతికే పని అక్కడ ఇంకొకరిది.
"ఎక్కడ దించను?" అంటే
రేడియోలో ఎవరో వరస, గడి, అంతస్తు చెప్పేవారు.
రిటైరయ్యాక ఆ గొంతు ఆగిపోయింది,
చేతులు ఆగలేదు.

మొదట పుస్తకాల అలమరలో పైవరస అడిగాడు,
ఒక్క రైలు స్టేషను కోసం. గేషె సరేనంది.
తర్వాత కింది వరస.
పుస్తకాలు మంచం కిందికి దిగాయి,
మంచం కింది బూట్లు బాల్కనీకి,
బాల్కనీలోని జెరేనియం కుండీలు అర్మిందా ఇంటికి.
వామనుడైనా మూడడుగులతో ఆగాడు.
ఈయన ఏడో అడుగు ఓవెన్ కింది సొరుగులో పెట్టాడు:
పెనాలు ఉండాల్సిన చోట
బూడిదరంగు పలకలు, సైజులవారీగా.
ఇల్లు ఇరకటం, ఆలు మర్కటం అన్న సామెత
ఇక్కడ పనికిరాదు,
మర్కటంలా అలమర ఎక్కేది ఆయనే.

ఎర్రవి దోసకాయ ఊరగాయ సీసాల్లో.
కిటికీ అద్దాలు, దీపాలు
గేషె అమ్మమ్మ పంచదార గిన్నెలో.
తలుపు పైన చెక్క కొట్టి వంతెన నిలబెడితే
తలుపు వేసినప్పుడల్లా ఒక కారు రాలేది.
శనివారం తొట్టిలో ఇటుకల స్నానం,
ఆదివారం మనుషులది.
ఒక రాత్రి దాహమేసి లేచిన గేషె
అరికాల్లో నాలుగు బుడిపెలు అచ్చు పడ్డాక
కింద మాకు వినపడేట్టే అడిగింది:
"చోటు వాటికా, నాకా?"

అప్పుడు నేలమాళిగ గుర్తొచ్చింది.
అక్కడ మాకందరికీ తలా ఒక జాలీ గది,
ఒక తాళం, ఎప్పటిదో బొగ్గు వాసన.
పద్నాలుగు అట్టపెట్టెలు దించాడు,
ఒక్కోదాని మీద నీలి సిరాతో
వరస, గడి, అంతస్తు.

ఆగస్టులో ఒక రాత్రి వాన.
మురుగు వెనక్కి తన్నింది.
తెల్లారి చూస్తే మోకాలి లోతు నీళ్లు.
అట్ట గంజైపోయింది.
సగం ఇటుకలు మునిగాయి,
కడుపులో గాలి పట్టినవి తేలి,
జాలీ సందుల్లోంచి దూరి
నెర్మిన్ సైకిలు చువ్వల్లో,
మా పాత ఉయ్యాల తొట్టెలో,
ఎవరివో స్కేటింగ్ బూట్లలో కాపురం పెట్టాయి.

హార్ట్‌విగ్ మెట్ల మీద కూర్చుండిపోయాడు,
ప్యాంటు తడుస్తున్నా మడవకుండా.
గేషె పైకెళ్లి జల్లెడ తెచ్చింది.

వారమంతా బకెట్లతో ఆయన తలుపు తట్టాం.
అగ్నిమాపక కేంద్రం, గోడ ఒకటి విరిగింది,
అప్పజెప్పి వెళ్తూ నెర్మిన్ కూతురు
రెండుసార్లు వెనక్కి తిరిగింది.
ఆ తిరగడం గేషె కంట పడింది.
"మీ కిటికీ గట్టు ఎంత వెడల్పు?" అంది.

టేపు పట్టుకుని అన్ని ఇళ్లూ కొలిచాడు హార్ట్‌విగ్.
మెట్ల మలుపులూ వదిలేవాడు కాదు,
దారికి అడ్డమని మేనేజరు టీడెమాన్
రెండు పేరాల ఉత్తరం రాయకపోతే.

ఇప్పుడు బస్సు దిగి తలెత్తితే
మా భవనం నిలువుగా ఒక ఊరు.
మొదటి అంతస్తులో అగ్నిమాపక కేంద్రం,
అర్మిందా జెరేనియంల నడుమ చేపల బజారు,
మూడో అంతస్తు, మా వంటింటి కిటికీలో, రైలు స్టేషను.
రైలు మాత్రం ఆయన దగ్గరే ఉంది.
ఆదివారాలు మెత్తటి కుంచెతో వస్తాడు,
దుమ్ము దులిపి, కాఫీ తాగి,
గడియార స్తంభాన్ని ఒక్క బుడిపె ఎడమకి జరిపి వెళ్తాడు.
మేం దాన్ని ముట్టుకోం.

ఇక గేషెకి ఇల్లు దక్కిందనుకున్నాం.
నిన్న పోస్టు మనిషి నాలుగో అంతస్తు దాకా ఒక పెట్టె మోశాడు.
మెట్టు మెట్టుకీ లోపల గలగల.
కాసేపటికి మా తలుపు చప్పుడైంది.
గేషె, చంకలో ఇస్త్రీ బల్ల.
"కొన్నాళ్లు మీ దగ్గర," అంది.