ముప్పై ఒకటి నుంచి కిందికి

రాత్రి పదకొండుకి ఏసీ ఆగిపోయింది.
పార్వతీపురం మెకానిక్ ఫోనెత్తి
"తెల్లారగట్ట పాసింజరుకి వస్తాను మేడం" అన్నాడు.
రాయగడలో మే నెల. తలుపు తీసినా
కొండల మీంచి వచ్చేది గాలి కాదు, ఊక పొయ్యి ఊపిరి.

ఆసుపత్రి సర్వరు గది. ఒకే పెట్టెలో
ముప్పై రెండు కోర్లు పక్కపక్కన ఉడుకుతున్నాయి.
ఎనభై ఏడు డిగ్రీలు. ఎనభై తొమ్మిది.
మొత్తం ఆపేద్దామంటే
ప్రసూతి వార్డులో ఇద్దరు నొప్పులు పడుతున్నారు,
రక్తనిధి లెక్కంతా దీంట్లోనే ఉంది.
"సర్వర్ చాలుఛి కి?" అని
కునిబాల సిస్టరు ఇప్పటికి రెండుసార్లు అడిగింది.

అందుకని కొంచెం కొంచెంగా ఆపుతాను.
ముప్పై ఒకటో దాని ఫైలులో
సున్నా అని రాస్తే చాలు.
చేస్తున్న పని పక్కవాడి ఒళ్ళోకి జారుతుంది,
దాని తలుపు తట్టే పిలుపులు వేరే గుమ్మానికి మళ్ళుతాయి,
అది మాత్రం
కడిగి బోర్లించిన కంచంలా ఉండిపోతుంది.
ముప్పై. ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిది దగ్గర
వేలు ఒక్క క్షణం ఆగింది, ఎందుకో తెలీలేదు.

గుమ్మంలో పిడిక సుక్రా, రాత్రి కాపలా,
గమ్ఛాతో విసురుకుంటూ:
"ఏటి పాపా, ఒక్కొక్కదాన్నీ లెక్కెట్టి పడుకోబెడతన్నావు?"
"వేడి తగ్గాలి కదా బాబాయ్."
"అన్నిట్నీనా?"
"సున్నా నెంబరు తప్ప. దాన్ని ఆపడానికి ఈ మిషను ఒప్పుకోదు."
నవ్వేడు. "సున్నాకి అంత ఇలవా!"

పదహారుతో నిలిపేను. డెబ్భై ఆరుకి దిగింది.
రెండు గంటల పది నిమిషాలకి
వార్డు నుంచి ఒక ఎంట్రీ పడింది:
ఆడపిల్ల, రెండు కిలోల ఏడు వందలు.
పేరు గడి ఖాళీ.
ఏ కోరు దాన్ని రాసుకుందో నేను చూడలేదు.

సుక్రా చెప్పేడు, అడక్కుండానే.
కాయితం మిల్లులో అతని ఇత్తడి బిళ్ళ నూట పదిహేడు.
"ఒక పొద్దున్న గేటు కాడ బోర్డు మీద
మా నెంబర్లకి గీతలెట్టీసినారు.
గొడవేం నేదు. మిషనేం ఆగనేదు.
తొమ్మిది నెల్లకి మళ్ళీ పిలిసినారు."
"మంచిదేగా?"
"మంచిదే. ఎల్లేను.
నా మూడో మిషను కాడ ఇంకోడున్నాడు, కుర్రోడు.
రోలు సప్పుడు బట్టి కాయితం ఎప్పుడు తెగతాదో
అప్పటికి ఆడికీ తెలిసిపోనాది.
నన్ను ఎదురు యార్డులో ఎట్టేరు.
జీతం అదే. బిళ్ళా అదే."

పాసింజరు నలభై నిమిషాలు లేటు.
మెకానిక్ వచ్చి, గ్యాసు నింపి, డబ్బు లెక్కపెట్టుకుని వెళ్ళేడు.
పదహారు. ఒకటి రాస్తాను. పదిహేడు. ఒకటి.

లేచిన కోరు ఖాళీ చేతులతో లేస్తుంది,
దగ్గర దాచుకున్నదేదీ ఉండదు.
కొత్త పని అందితే చేస్తుంది.
తనకే కట్టి ఉంచిన పాత పనులు మాత్రం
ఎవరి దగ్గరికి చేరేయో అక్కడే ఉంటాయి,
ఎవరో కూర్చుని చేత్తో
పేరుపేరునా మళ్ళీ కట్టేదాకా.
నేర్చుకునేటప్పుడు ఈ మాట మీదుగా
కళ్ళు పరిగెత్తించేసి ఉంటాను.

"అన్నీ లేచేయా?"
"లేచేయి."
"మరి ఆటి పని ఆటికి ఇచ్చేవా?"

సుక్రా రిజిస్టరులో పేరు రాసి
పక్కన నూట పదిహేడు అని రాసేసేడు, పాత అలవాటు,
నాలిక కరుచుకుని కొట్టేసేడు.

ఇంటికి వెళ్ళడానికి తీసిన సంచీ కింద పెట్టేను.
పాత పట్టీ తెరిచేను.
ఇరవై ఎనిమిది: రక్తనిధి.
కట్టేను.
ఇంకా పదిహేను ఉన్నాయి.