గేజి పుస్తకం

పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి
కొమరలంక లాకుల దగ్గర
రాతిగోడ మీది తెల్లరంగు అంకెల్లో
నీరు ఎక్కడ తాకిందో చూసి రాస్తాను.
ఎగువ ఆరడుగుల నాలుగు. దిగువ రెండడుగుల తొమ్మిది.
పద్నాలుగేళ్ల ఉద్యోగం, ఇంతే.
మిగతా పొద్దంతా గుర్రపుడెక్క లాగడం,
షట్టర్ల పళ్లచక్రాలకి గ్రీజు పెట్టడం,
వంతు నీళ్లు రాలేదని శివారు రైతులొచ్చి తిడితే
ఆయ్, అలాగేనండి అనడం.

ఆ తిట్లు ఎక్కడికీ పోవు.
సైకిలు కారియర్ మీద కూచుని నాతోనే ఇంటికొస్తాయి.
చారులో ఉప్పు ఎక్కువైన రోజున దిగుతాయి.

ఫిబ్రవరిలో జయపాల్ లాకు తలుపు మీంచి దూకాడు.
పదకొండేళ్లవాడు. తలుపు కింద సుడి వాడికేం తెలుసు?
నాకు తెలుసు. ఏటా ఒక దూడనో, ఒక మనిషినో
అక్కణ్ణుంచి గెడతో లాగేది నేనే.
వాడు నవ్వుకుంటూ అవతలి గట్టెక్కాడు.
నేను చుట్టూ తిరిగి పరుగెత్తుకెళ్లి
ఆ తడి ఒంటి మీద నా చెయ్యి వాచేలా కొట్టాను.
చాలక, ఇంటికెళ్లి వాడు నీళ్లు తాగుతున్న గ్లాసు లాక్కుని
కాలవలోకి గిరాటేశాను.
వాడి పేరు చెక్కించి అమ్మమ్మ ఇచ్చిన స్టీలు గ్లాసు.

ఆ రాత్రి నుంచి వాడికి నాతో "ఊఁ" తప్ప మాట లేదు.
సుగుణమణి ఏమీ అనలేదు. అంట్లు తోముతూ
గ్లాసులు లెక్కపెట్టింది, బయటికి వినపడేలా.

మర్నాడు గేజి పుస్తకం రిమార్కుల గడిలో
ఎందుకో పెన్సిలుతో రాశాను: కోపం, అయిదడుగులు.
సాయంత్రం: నాలుగున్నర.
ఒకరోజు: రీడింగు అందలేదు.

ఏఈ గారు తనిఖీకొచ్చి పేజీ మీద వేలు పెట్టారు.
"యేసుపాదం, ఇదేం కాలవయ్యా?"
"మా ఇంటి వెనక బ్రాంచి కాలవండి."
ఆయన నవ్వలేదు. కళ్లద్దాలు తుడుచుకుని
సంతకం పెట్టి జీపెక్కారు.

నాన్న రోజుల్లో ధాన్యం పడవలొచ్చేవి.
ఆయన నాకు నేర్పింది ఒక్కటే.
అటూ ఇటూ నీటిమట్టం తేడాగా ఉన్నప్పుడు
పదిమంది భుజాలానించినా తలుపు కదలదు.
అడుగున చిన్న తూముంటుంది, అది ఎత్తు.
చుట్ట ముట్టించుకో.
మట్టాలు కలిశాక పసివాడు తోసినా తెరుచుకుంటుంది.
పడవలవాళ్లు తొందరపడి కేకలేస్తే
నాన్నకి చెవుడొచ్చేది.

ఈ మాట నాకు చిన్నప్పణ్ణుంచీ తెలుసు.
తలుపుల గురించనుకున్నాను.

ఒక రాత్రి పుస్తకం ముందేసుకుని
ఆ తారీకు దగ్గర ఆగాను.
కోపం అన్న మాట మీద వేలు పెడితే చెయ్యి వణికింది.
కోపానికి నా చెయ్యి వణకదు, బిగుసుకుంటుంది.
అది వణికేది ఎప్పుడో నాకు తెలుసు:
గెడ కొసకి బరువు తగిలినప్పుడు.
రబ్బరుతో చెరిపి, భయం అని రాశాను.
ఎన్ని అడుగులో వేయలేదు.
ఆ రోజు గేజి మునిగిపోయింది.

ఏప్రిల్లో కాలవలు కట్టేశారు. అడుగు తేలింది.
సీసాలు, ఒంటి చెప్పులు, వినాయకుడి చెయ్యొకటి.
మోకాళ్ల లోతు బురదలో దిగి కెలుకుతుంటే
గట్టు మీద నీడ పడింది.
"ఏటి వెతుకుతున్నావ్?"
రెండు నెలలకి రెండు మాటలు.
"నీ గ్లాసురా."
ఆగాను. గొంతులో ఏదో తుప్పు పట్టినట్టుంది.
"ఆవేళ నువ్వు పోయావనుకున్నాను."

అంత చిన్న తూము ఎత్తడానికి పట్టిన బలం
ఏ షట్టరుకీ పట్టలేదు.
వాడేమీ అనలేదు. చెప్పులు విడిచి
నాకు కాస్త ఎడంగా దిగాడు.
చీకటి పడేదాకా వెతికాం. గ్లాసు దొరకలేదు.

జూన్‌లో మళ్లీ నీళ్లొచ్చాయి.
కోపం పోయిందా అంటే, ఎక్కడికి పోతుంది?
నిన్న శివారు నుంచి ఒకాయన వచ్చి
మా నాన్నని కూడా కలిపి తిట్టాడు.
తిట్టు కారియర్ ఎక్కింది.
ఇంటి మలుపు ఇవతలే సైకిలు దిగి
నడిపించుకుంటూ వెళ్లాను,
లాకు గదిలో నీరు దిగేటంత సేపు.